నడిసంద్రంలో మీట నొక్కితే కబురు బెంగళూరుకు: పడవపై రెండో బ్యాటరీ ఆవశ్యకత, అమరిక

మన తీరగ్రామాల గంగపుత్రులు నడిసంద్రంలో ఆపదలో చిక్కుకొని ఉపగ్రహ సంకేత పరికరం మీటను నొక్కితే, ఆ కబురు ముందుగా చేరేది పక్క ఊరికీ కాదు, జిల్లా కేంద్రానికీ కాదు. సముద్రమే లేని బెంగళూరు నగరానికి. ఆకాశంలోని ఉపగ్రహం ఆ సంకేతాన్ని అందుకొని అక్కడి కేంద్రానికి దించుతుంది. ఇంతటి ఏర్పాటు దేశం మనకు సమకూర్చి పెట్టింది. అయితే ఆపదలో ఉన్న పడవ రాత్రంతా దీపం వెలిగించుకొని, రక్షణ నౌక పిలిచినప్పుడు మారు పలకాలంటే పడవలో విద్యుత్తు మిగిలి ఉండాలి. ఆ విద్యుత్తును మిగిల్చి ఉంచేదే రెండో బ్యాటరీ. దాన్ని ఎంత పరిమాణంలో ఎన్నుకోవాలో, ఎక్కడ ఉంచాలో, తీగలు ఎలా కలపాలో ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

బెంగళూరు పాత్ర ఏమిటి?

బెంగళూరులోని పీణ్య పారిశ్రామిక ప్రాంతంలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన ‘ఇస్ట్రాక్’ కేంద్రం ఉంది. ఉపగ్రహాల గమనాన్ని కనిపెట్టి, వాటికి ఆజ్ఞలు పంపే కేంద్రమిది. ఆపద సంకేతాలను స్వీకరించే భారత మిషన్ కంట్రోల్ సెంటరు ఇక్కడే పనిచేస్తున్నది. కెనడా, ఫ్రాన్సు, అమెరికా, నాటి సోవియట్ యూనియన్ కలిసి 1979లో ప్రారంభించిన ‘కోస్పాస్-సార్సాట్’ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థలో మన దేశం కూడా భాగస్వామి. ఓడలు, విమానాలు పంపే 406 మెగాహెర్ట్జ్ ఆపద సంకేతాలను అందుకొనే కేంద్రాలు మనకు బెంగళూరులోనూ లక్నోలోనూ ఉన్నాయి.

చిన్న పడవల కోసం ఇస్రో ప్రత్యేకంగా రూపొందించిన ఆపద సంకేత పరికరం 2010 నుండి వాడుకలో ఉంది. దాని మీట నొక్కగానే పడవ ఎవరిదో, ఏ స్థానంలో ఉన్నదో తెలిపే సంకేతం ఉపగ్రహం ద్వారా ఆ కేంద్రానికి చేరుతుంది. అక్కడివారు వివరాలను విడదీసి, కోస్తా రక్షక దళం నడిపే సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి అందజేస్తారు. మన తూర్పు తీరానికి సంబంధించిన కేంద్రం చెన్నైలో ఉంది. తొలి పరికరంలో ఒక లోటు ఉండేది: కబురు పంపడమే తప్ప, అది అందిందో లేదో పడవలోని వారికి తెలిసేది కాదు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరం పరికరం ‘మీ కబురు అందింది’ అన్న సమాధానాన్ని తిరిగి పడవకు చేరుస్తుంది. అదే సంవత్సరం ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైన జాతీయ పథకం కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని మరబోట్లకు, మోటారు పడవలకు లక్ష ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని సంకల్పించారు. వీటితో ఒడ్డుకూ పడవకూ మధ్య రెండు వైపులా సందేశాలు నడుస్తాయి.

ఇంత ఏర్పాటు ఉండగా వేరే బ్యాటరీ ఎందుకని అనిపించవచ్చు. ఆపద సంకేతం పడవ ఎక్కడ ఉన్నదో చెబుతుంది. రక్షణ నౌక ఆ చోటికి రావడానికి గంటలు పట్టవచ్చు. ఈలోగా గాలి, నీటిఉరవడి పడవను మైళ్ల దూరం లాగేస్తాయి. చీకట్లో దీపం లేని పడవ దగ్గరకు వచ్చిన నౌకకు కూడా కనిపించదు. పైగా సరుకు ఓడలు తిరిగే దారిలో అది ఒక ప్రాణాపాయం. కనుక సంకేత పరికరం, దీపం, వీహెచ్‌ఎఫ్ రేడియో మూడూ ఉన్నప్పుడే రక్షణ సంపూర్ణమవుతుంది. వాటిలో రెండు పడవ బ్యాటరీ మీదనే బతుకుతాయి.

సంద్రంలో సరిహద్దు గీత కనిపించదు

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా అని మనకు తెలుసు. అక్కడ బోర్డు ఉంటుంది, రాయి ఉంటుంది, భాష మారుతుంది. సంద్రంలో అలాంటి గుర్తులేవీ లేవు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుండి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ అధికారులకు చిక్కి అక్కడి చెరలో మగ్గారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశానికి తిరిగివచ్చారు. సుమారు 14 నెలల పాటు వారి కుటుంబాలు పడిన వేదన మన జిల్లాకు కొత్తగా చెప్పనవసరం లేదు. వారు చిక్కడానికి బ్యాటరీ కారణమని ఇక్కడ చెప్పబోవడం లేదు. జీపీఎస్ ఆరిపోయిన పడవకు, ఇంజిను ఆగి కొట్టుకుపోయే పడవకు ఆ కనిపించని గీతను తెలుసుకొనే మార్గం ఉండదన్నదే గ్రహించవలసిన విషయం. వలస వేటకు పశ్చిమ తీరానికి వెళ్లే మన యువకులకు ఈ అంశం మరింత ముఖ్యం.

ఒక్క బ్యాటరీతో వచ్చే చిక్కు

సెల్ఫ్ స్టార్టు ఉన్న డీజిలు ఇంజినును తిప్పడానికి కొద్ది క్షణాల పాటు వంద ఆంపియర్లకు మించిన విద్యుత్తు కావాలి. అదే బ్యాటరీ నుండి రాత్రంతా దీపాలు, జీపీఎస్, రేడియో, నలుగురి సెల్‌ఫోన్లు, పాటల పెట్టె నడిపితే తెల్లవారేసరికి అది నీరసిస్తుంది. దీపం మసకగా వెలుగుతూనే ఉంటుంది గాని, ఇంజిను మాత్రం ‘టిక్’ మని ఊరుకుంటుంది. ఇంజిను తిరగనిదే చార్జింగు లేదు. చార్జింగు లేనిదే ఇంజిను తిరగదు. ఒక్క బ్యాటరీ ఉన్న పడవ ఈ వలయంలో చిక్కుకొంటే ఒడ్డు నుండి సాయం రావలసిందే.

తాడు లాగి నడిపే ఔట్‌బోర్డ్ ఇంజిను గల ఫైబర్ పడవలకు ఈ చిక్కు లేదు గాని మరొకటి ఉంది. వాటిలో చాలావరకు దీపాలకూ జీపీఎస్‌కూ ఒకే బ్యాటరీ ఉంటుంది. దానిని ఒడ్డున చార్జి చేసి తెస్తారు. ఒకనాటి వేటకు లెక్క వేసుకొని తెచ్చిన ఆ విద్యుత్తు, పడవ రెండో రాత్రి కూడా సంద్రంలో ఉండిపోతే చాలదు.

మొదట లెక్క, తరువాతే కొనుగోలు

పదో తరగతి పిల్లలకు తెలిసిన సూత్రమే ఇక్కడ పనికి వస్తుంది. పరికరం మీద రాసి ఉన్న వాట్లను అది వెలిగే గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. వాటిని 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్-గంటలు, అంటే బ్యాటరీ మీద ‘ఏహెచ్’ అని ముద్రించే కొలత వస్తుంది. ఒక చిన్న పడవకు ఒక రాత్రి లెక్క ఈ విధంగా ఉంటుంది:

- కొయ్యపై దీపాలు (ఎల్ఈడీ) 6 వాట్లు, 12 గంటలు: 72
- వల లాగేటప్పటి దీపం 10 వాట్లు, 4 గంటలు: 40
- జీపీఎస్ 8 వాట్లు, 12 గంటలు: 96
- వీహెచ్‌ఎఫ్ వినడానికి 6 వాట్లు, 12 గంటలు: 72
- వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడడానికి 60 వాట్లు, మొత్తం పావుగంట: 15
- సెల్‌ఫోన్ల చార్జింగు 10 వాట్లు, 3 గంటలు: 30

మొత్తం 325 వాట్-గంటలు. 12తో భాగిస్తే సుమారు 27 ఆంపియర్-గంటలు. సీసం-ఆమ్లం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయువు త్వరగా క్షీణిస్తుంది కాబట్టి ఈ సంఖ్యను రెట్టింపు చేయాలి. 54 వచ్చింది. బజారులో దొరికే 60 ఏహెచ్ బ్యాటరీ దీనికి సరిపోతుంది.

ఇప్పుడు ఆపద లెక్క చూద్దాం. అత్యవసరమైనవి కొయ్యపై దీపాలు, వీహెచ్‌ఎఫ్ మాత్రమే అనుకొంటే 72, 72, 15 కలిపి 159 వాట్-గంటలు, అంటే 13 ఆంపియర్-గంటలు. రెట్టింపు చేస్తే 26. సరిగ్గా 26 ఏహెచ్ పరిమాణంలో మూత బిగించిన, నీళ్లు పోయనవసరం లేని బ్యాటరీలు దొరుకుతాయి. ఒక మనిషి ఒంటి చేత్తో మోయగల బరువు. ఒక పూర్తి రాత్రి ప్రాణరక్షణకు కావలసింది ఇంతే. పాఠకులు తమ పడవలోని పరికరాల పట్టీలను చూసి తమ లెక్క తామే వేసుకోవాలి. ఇంట్లో చదువుకొనే పిల్లలుంటే ఈ పని వారికి అప్పగించవచ్చు. పాఠ్యపుస్తకంలోని లెక్క కన్నా ఇది వారికి బాగా ఒంటబడుతుంది.

ఏ రకం బ్యాటరీ?

కారు బ్యాటరీ కొద్ది క్షణాలు అధిక విద్యుత్తు ఇవ్వడానికి తయారైనది. రాత్రంతా కొద్దికొద్దిగా ఇవ్వవలసిన పనికి పలకలు మందంగా ఉండే రకం మేలు. ఇళ్లలో సౌరదీపాలకు, ఇన్వర్టర్లకు వాడేవి ఈ కోవకు చెందినవే. అయితే మూత తెరిచి నీళ్లు పోసే బ్యాటరీ పడవ ఒరిగినప్పుడు ఆమ్లం ఒలికించే ప్రమాదం ఉంది. అందువలన పడవకు మూత బిగించిన రకమే శ్రేయస్కరం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. బరువు సగానికన్నా తక్కువ. ఉన్న విద్యుత్తులో నూటికి 80 పాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. ధర ఎక్కువ. వాటికి లోపల రక్షణ సర్క్యూటు, బయట తగిన చార్జరు తప్పనిసరి. లిథియం బ్యాటరీని సీసం బ్యాటరీతో నేరుగా జత చేయరాదు. అలాగే పాత బ్యాటరీని కొత్తదానితో శాశ్వతంగా కలిపి ఉంచరాదు. పాతది కొత్తదాన్ని కూడా తనతోపాటు కిందికి లాగుతుంది.

పడవలో ఎక్కడ ఉంచాలి?

మొదటి నియమం, అడుగున చేరే నీటికి అందనంత ఎత్తులో ఉంచాలి. ఉప్పునీరు సీసం బ్యాటరీ లోపలికి చేరితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు విషం. రెండో నియమం, చార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ పైకి పోయే దారి ఉండాలి. గాలిలో నూటికి 4 పాళ్లు హైడ్రోజన్ చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. వంట పొయ్యికి, చమురు డబ్బాకు దూరంగా ఉంచాలనడం అందుకే. మూడో నియమం, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి పట్టీలతో గట్టిగా కట్టాలి. కెరటం మీద పడవ ఎగిరిపడినా బ్యాటరీ కదలకూడదు. నాలుగో నియమం, రెండు బ్యాటరీలనూ ఒకే మూలలో పెట్టరాదు. ఒక చోటికి నీరు చేరినా రెండోది మిగలాలి.

తాడు లాగే ఇంజిను ఉన్న పడవకు అమరిక

ఇలాంటి పడవకు 60 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, 26 ఏహెచ్ బ్యాటరీ ఒకటి చాలు. తీగలను రెండు బోర్డులుగా విభజించుకోవాలి. మొదటిది సౌకర్యాల బోర్డు: వల దీపం, ఫోన్ల చార్జింగు, పాటల పెట్టె. దీనికి పెద్ద బ్యాటరీ నుండి మాత్రమే విద్యుత్తు వస్తుంది. రెండోది ప్రాణరక్షణ బోర్డు: కొయ్యపై దీపాలు, వీహెచ్‌ఎఫ్, జీపీఎస్. దీనికి ముందు ఒక మార్పిడి స్విచ్చి పెట్టాలి. ఒక వైపు తిప్పితే పెద్ద బ్యాటరీ, మధ్యలో ఏదీ లేదు, మరో వైపు తిప్పితే చిన్న బ్యాటరీ. మామూలు రోజుల్లో స్విచ్చి పెద్ద బ్యాటరీ వైపే ఉంటుంది. పెద్దది చేతులెత్తేసిన రోజునే చిన్నదాని వైపు తిప్పాలి.

ఈ విభజనలోనే ఈ ఏర్పాటు ఫలితమంతా ఉంది. చిన్న బ్యాటరీకి ఫోను తగిలించే దారే లేకపోతే, ఎంత బతిమాలినా ఎవరూ దాన్ని ఖాళీ చేయలేరు. మనుషుల నిగ్రహాన్ని నమ్ముకోవడం కన్నా తీగల అమరికను నమ్ముకోవడం మంచిది.

పెద్ద బ్యాటరీకి సౌర ఫలకం జత చేసుకోవచ్చు. 50 వాట్ల ఫలకం మన ఎండకు రోజుకు ఇంచుమించు 150 నుండి 200 వాట్-గంటలు ఇస్తుంది. అంటే పై లెక్కలో సగం భర్తీ అవుతుంది. ఫలకానికీ బ్యాటరీకీ మధ్య చార్జ్ కంట్రోలరు తప్పనిసరి. చిన్న బ్యాటరీని ఒడ్డున చార్జి చేసి తెచ్చుకోవాలి.

సెల్ఫ్ స్టార్టు ఉన్న పడవకు అమరిక

ఇక్కడ మొదటి బ్యాటరీ ఇంజినును తిప్పడానికి మాత్రమే. దాని మీద మరే తీగా ఉండరాదు. రెండో బ్యాటరీ, పై లెక్క ప్రకారం 60 ఏహెచ్, దీపాలకూ రేడియోకూ. రెండింటి నల్ల తీగలు, అంటే ఋణ ధ్రువాలు, ఒకే చోట కలుస్తాయి. ఎర్ర తీగలు వేర్వేరుగా ఉంటాయి.

రెండింటినీ ఒకే ఆల్టర్నేటరుతో చార్జి చేయడానికి వోల్టేజిని బట్టి పనిచేసే రిలే ఒకటి ఉంటుంది. ఇంజిను తిరుగుతూ మొదటి బ్యాటరీ వోల్టేజి ఇంచుమించు 13.3 దాటగానే ఆ రిలే రెండు ఎర్ర తీగలను కలుపుతుంది. ఇంజిను ఆగి వోల్టేజి 12.8 కన్నా తగ్గగానే విడదీస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకొని స్విచ్చి తిప్పనవసరం లేదు. ఈ రెండింటిని కలిపే తీగ 16 చదరపు మిల్లీమీటర్ల మందం ఉండాలి. రెండు బ్యాటరీల దగ్గరా చెరొక ఫ్యూజు ఉండాలి.

కొందరు రిలేకు బదులు ‘1, 2, రెండూ’ అని ఉండే చేతి స్విచ్చి పెడతారు. అదీ పనిచేస్తుంది గాని రెండు జాగ్రత్తలు అవసరం. ‘రెండూ’ మీద ఉంచి రాత్రి దీపాలు వెలిగిస్తే రెండు బ్యాటరీలూ కలిసే ఖాళీ అవుతాయి. ఇక ఇంజిను తిరుగుతుండగా స్విచ్చిని ‘ఆఫ్’ మీదుగా తిప్పితే ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోతాయి.

తీగ మందం: ఎవరూ పట్టించుకోని అంశం

బ్యాటరీ నిండుగా ఉన్నా రేడియో మాట్లాడలేకపోవడానికి తరచుగా కారణం సన్నని తీగ. ఉదాహరణకు బ్యాటరీ నుండి రేడియోకు 8 మీటర్ల దూరం ఉందనుకోండి. పోనూ రానూ 16 మీటర్ల తీగ. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ అయితే దాని నిరోధం సుమారు 0.3 ఓములు. మాట్లాడేటప్పుడు రేడియో 5 ఆంపియర్లు తీసుకొంటే, ఓమ్ నియమం ప్రకారం 1.5 వోల్టులు తీగలోనే నశిస్తాయి. బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే రేడియోకు చేరేది 10.7 మాత్రమే. విన్నంతసేపు బాగానే ఉండి, మాట్లాడే మీట నొక్కగానే రేడియో ఆరిపోవడంలోని రహస్యమిదే. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.4 వోల్టులకు తగ్గుతుంది. దీపాలకు 1.5, రేడియోకు, బోర్డుకు 4 చదరపు మిల్లీమీటర్లు వేయడం ఉత్తమం.

తీగ లోపల పోగులు అనేకం ఉండాలి. గోడల్లో వేసే ఒంటి పోగు తీగ పడవ కుదుపులకు తెగిపోతుంది. అల్యూమినియం తీగ ఉప్పుగాలికి నిలవదు. తగరం పూత పూసిన రాగితీగ దొరికితే అదే శ్రేష్ఠం. పడవ అంతటా ఎరుపు, నలుపు రెండు తీగలూ వేయాలి. లారీల్లో వలె ఇంజిను ఇనుమునే తిరుగుదారిగా వాడుకోరాదు. ఉప్పునీటిలో అలా దారితప్పిన విద్యుత్తు పంకాను, ఇరుసును తినేస్తుంది.

అతుకుల విషయంలో రాజీ పనికిరాదు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉప్పుతేమకు కొద్ది నెలల్లోనే ఆకుపచ్చగా చిలుమెక్కుతుంది. రాగి లగ్గు వేసి, పనిముట్టుతో గట్టిగా నొక్కి, వేడికి ముడుచుకొనే గొట్టం తొడగాలి. బ్యాటరీ కొనల మీద వ్యాజిలిన్ పూయాలి.

ఫ్యూజు ఎందుకు, ఎక్కడ?

ఫ్యూజు పరికరాన్ని కాపాడడానికని చాలామంది భావిస్తారు. అది కాపాడేది ముఖ్యంగా తీగను. తీగ మీది తొడుగు ఒరుసుకుపోయి ఎరుపు, నలుపు తగిలితే బ్యాటరీలోని విద్యుత్తంతా ఒక్కసారిగా ప్రవహించి తీగ ఎర్రగా కాలుతుంది. చమురు ఉన్న పడవలో దాని పర్యవసానం ఊహించుకోవచ్చు. అందువలన ప్రధాన ఫ్యూజు బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న తీగకు ఏ రక్షణా లేదు కనుక ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత క్షేమం. 4 చదరపు మిల్లీమీటర్ల తీగకు 20 ఆంపియర్ల ఫ్యూజు చాలు. బోర్డు దగ్గర దీపాలకు 3, జీపీఎస్‌కు 3, వీహెచ్‌ఎఫ్‌కు 10 ఆంపియర్ల ఫ్యూజులు విడివిడిగా ఉండాలి. ఫ్యూజు పోతే తీగముక్క చుట్టి సరిపెట్టడం ఆత్మహత్యాసదృశం. అదనపు ఫ్యూజులను మూత గల డబ్బాలో పడవలోనే ఉంచుకోవాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు నల్ల తీగను ముందు తీయాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. చేతి ఉంగరం, కడియం తీసివేసి పనిచేయాలి.

ఇంటి దగ్గర చేయవలసినది

పడవ సంద్రానిదైనా బ్యాటరీ ఆరోగ్యం ఇంటి దగ్గరే తేలుతుంది. ఒక చిన్న మల్టీమీటరు ప్రతి ఇంట ఉండదగినది. చార్జరు తీసివేసిన కొన్ని గంటల తరువాత సీసం బ్యాటరీ 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగువ అయితే ఆ బ్యాటరీతో వేటకు పంపరాదు. ఈ మూడు సంఖ్యలను చార్జింగు పెట్టే గోడ మీద రాసుకొంటే ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలరు. చార్జింగు విద్యుత్తు ఏహెచ్‌లో పదో వంతు ఉండడం పద్ధతి: 60 ఏహెచ్‌కు 6 ఆంపియర్లు. చార్జింగు గాలి ఆడే చోట పెట్టాలి. పిల్లలు పడుకొనే గదిలో పెట్టరాదు.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధకాలం ఈ తీగల పని చేసుకోవడానికి తగిన సమయం. ఆ 61 రోజులూ బ్యాటరీని సగం చార్జితో వదిలేస్తే పలకల మీద తెల్లని పొర గట్టిపడి, మళ్లీ నిండదు. నిండుగా చార్జి చేసి, తీగలు విప్పి ఉంచి, నెలకొకసారి తిరిగి చార్జి చేయాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన నాడే అన్ని బ్యాటరీలనూ నింపుకోవడం కూడా అలవాటు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం గ్రామాలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనకు గుర్తే. ఆనాడు పడవ బ్యాటరీ ఉన్న ఇంట్లో కనీసం ఒక దీపం వెలిగించుకోవచ్చు, ఒక ఫోను బతికించుకోవచ్చు.

సామగ్రి ఎక్కడ దొరుకుతుంది?

బ్యాటరీ వంటి బరువైన వస్తువును దగ్గరి పట్టణంలో, మరమ్మతు చేసేవారు అందుబాటులో ఉన్న చోట కొనడం మంచిది. వోల్టేజి రిలే, మార్పిడి స్విచ్చి, తగరం పూత తీగ, నీరు చొరని ఫ్యూజు పెట్టెలు చిన్న ఊళ్లలో అన్నివేళలా దొరకవు. మన ప్రాంతం నుండి భవన నిర్మాణ పనులకు, చదువులకు బెంగళూరు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఆ నగరంలో సాదర పత్రప్ప రోడ్డు, అందరూ ‘ఎస్పీ రోడ్డు’ అనే వీధి, విద్యుత్, ఎలక్ట్రానిక్ సామగ్రికి పేరుపొందినది. భువనేశ్వర్, బెంగళూరుల మధ్య నడిచే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పండుగకు వచ్చేవారు ఈ చిన్న వస్తువులను సంచిలో వేసుకొని తేగలరు. వారికి పంపే చీటీలో వోల్టులు 12 అనీ, ఆంపియర్లు ఎన్ననీ, తీగ మందం ఎంతనీ స్పష్టంగా రాయాలి. ‘బోటుకు మంచి వైరు’ అని రాస్తే దుకాణదారుడు తన దగ్గరున్నది ఇస్తాడు.

ఇంజిను ఆగినప్పుడు పాటించవలసిన క్రమం

1. సౌకర్యాల బోర్డును పూర్తిగా ఆపివేయాలి. వల దీపం, ఫోన్లు, పాటలు ఏవీ వద్దు.
2. కొయ్యపై దీపాలు వెలిగించాలి. ట్రాలింగు కాక ఇతర వలలతో వేటాడే పడవకు ఎరుపు పైన, తెలుపు కింద అన్నది అంతర్జాతీయ నియమం. నలువైపులా కనబడాలి.
3. జీపీఎస్‌లో స్థానం చూసి కాగితం మీద రాసుకోవాలి. తరువాత దాన్ని ఆపి, గంటకొకసారి మాత్రమే వెలిగించాలి.
4. వీహెచ్‌ఎఫ్ 16వ చానలులో పడవ పేరు, స్థానం, మనుషుల సంఖ్య, ఇబ్బంది ఈ నాలుగూ చెప్పాలి. మాట్లాడేటప్పుడే విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, వినడానికి తక్కువ. కనుక పొడిగా చెప్పి, ఎక్కువసేపు వినాలి.
5. ప్రాణాపాయం ఉంటే ఆలస్యం చేయక ఉపగ్రహ సంకేత పరికరం మీట నొక్కాలి. ఫోను అందే దూరంలో ఉంటే కోస్తా రక్షక దళం ఉచిత సంఖ్య 1554. ఒడ్డున ఉన్న కుటుంబ సభ్యులు కూడా ఈ సంఖ్యకే చెప్పాలి.
6. పెద్ద బ్యాటరీ 12 వోల్టులకు దిగువకు రాగానే మార్పిడి స్విచ్చిని చిన్నదాని వైపు తిప్పాలి.

ఈ ఆరింటినీ మన మాటల్లో ఒక అట్టమీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్విచ్చి పక్కన అంటించాలి. ఒడిశా నుండి వచ్చిన కళాసీలు ఉన్న పడవలో ఒడియాలో కూడా రాయాలి. తండేలుకు దెబ్బ తగిలిన రోజున స్విచ్చి తిప్పవలసినవాడు అందరికన్నా చిన్న కళాసీ కావచ్చు. అందువలన ప్రతి ఒక్కరి చేత కనీసం ఒకసారి ఒడ్డున ఉండగానే తిప్పించి చూపాలి.

నెలకొక పూట, పడవ ఒడ్డున ఉన్నప్పుడు, పెద్ద బ్యాటరీ తీగ విప్పివేసి చిన్న బ్యాటరీ మీద దీపం, రేడియో పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. పని పది నిమిషాలది. దీపం వెలగకపోతే లోపం ఎక్కడుందో ఒడ్డునే వెదకవచ్చు. అదే లోపం నడిసంద్రంలో అర్ధరాత్రి బయటపడితే వెదకడానికి వెలుతురు కూడా ఉండదు.